క్రొత్త వంటయిల్లు: కొలత యెవ్వరిది?

శంషాబాదు పరిసరములందు ఇప్పుడు ఇల్లు కట్టుకొనువారును, కట్టిన మేడలో నొక భాగమును కొనువారును పెక్కుమంది కలరు. 2008 మార్చిలో విమానాశ్రయము బేగంపేట నుండి ఇచ్చటికి వచ్చినది మొదలు జొన్నచేలు ప్లాట్లుగను, ప్లాట్లు అపార్టుమెంట్లుగను మాఱుచు వచ్చినవి. ఇంటి వెల యంతయు చెల్లించి, బ్యాంకు ఋణము తలకెత్తుకొని, తాళపుచెవులు చేతబుచ్చుకొన్న నాడు గృహిణికి తెలియవచ్చు విషయ మొకటి కలదు. వంటయిల్లను పేర ఆమె కొప్పగింపబడినది నాలుగు గోడలు, ఒక నల్లఱాతి గట్టు, ఒక కుళాయి మాత్రమే. తక్కినది వేఱుగా కొనవలెను. ఆ తక్కినదానికే మాడ్యులర్ కిచెనని పేరు. కర్మాగారమున కొలతకు కోసిన చెక్కపెట్టెలను తెచ్చి, గోడల వెంబడి బిగించి, వానికి తలుపులును సొరుగులును అమర్చుటయే ఇందలి పని. మేము దీనిని అమరిక వంటయిల్లని వ్యవహరింతుము.

ఇంటి తరువాత ఇంటిలో నింత వెలగల వస్తువు వేఱొకటి లేదు. మావారు పాఠశాలలో భౌతికశాస్త్రము బోధింతురు. అట్టి కుటుంబమునకు ఇది యొక యేటి మిగులుతో తీఱు వ్యయము కాదు, మూడు నాలుగేండ్ల మిగులు. అందుచేత మేము నాలుగు మాసములు తిరిగి, అడిగి, కొలిచి, పిమ్మట కొంటిమి. ఆ తిరుగుటలో తెలిసినదానిని సోదరీమణులకు చెప్పవలెనని యీ వ్యాసము. తలుపుల రంగులను గూర్చి మాత్ర మిందు వ్రాయము. అంగళ్లవారు రంగులను గూర్చి కావలసినంత చెప్పుదురు. తక్కిన వానిని గూర్చియే చెప్పరు.

ఈ అమరిక మన దేశమున పుట్టినది కాదు. మొదటి ప్రపంచయుద్ధానంతరము జర్మనీలో ఇండ్ల కఱవు మిక్కుటమయ్యెను. ఫ్రాంక్‌ఫర్టు నగరమువారు శ్రామిక కుటుంబములకై వేలకొలది చిన్న యిండ్లు కట్ట దలపెట్టిరి. ఆ పనిని నడపిన ఎర్నస్ట్ మై అను శిల్పి, వంటయింటి నమరికను మార్గరెటె షూటె-లిహోట్స్కీ అను యువతి కప్పగించెను. ఆమె 1926లో కల్పించినదే నేటి అమరిక వంటయిండ్ల కెల్ల మూలము. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు మాత్రమే గల యా గదిలో పొయ్యి, సింకు, గట్టు, అల్మారాలు అన్నియు ఇమిడిపోయెను. గడియారము చేతబట్టి ఏ పని కెన్ని యడుగులు పడుచున్నవో లెక్కించి, రైలుబండిలోని వంటపెట్టెను చూచి, ఆమె దీనిని కుదిర్చెనట. సుమారు 10,000 ఇండ్లలో అది వెలసెను. పిండి మొదలగు సరకులకు పిడిగల చిన్న అరలు, పురుగు పట్టకుండుటకు పిండి యరలకు ఓకు కఱ్ఱ, కిటికీ క్రింద పనిబల్ల, ఆ బల్ల యొద్ద గిఱ్ఱున తిరుగు పీట యొకటి. ఈ పీటను సోదరీమణులు జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో మాకు ముందు పని గలదు.

ఇంత చేసిన యామె, తానప్పటికి వంట చేసి యెఱుగనని తరువాతి కాలమున తానే చెప్పుకొనెను. ఆమెను తప్పుపట్టుటకు దీనిని వ్రాయలేదు. ఆమె 102 ఏండ్లు జీవించి 2000 సంవత్సరమున వియన్నాలో గతించిన మహనీయురాలు. నాజీల నెదిరించి చెఱసాలకు పోయిన ధీర. వంట యెఱుగకున్నను పనిచేయు స్త్రీ యలసటను కొలువ వలెనని ఆమెకు తోచినది. మన పురాణములందు పాకమునకు నలభీములు ప్రసిద్ధులు. విరటుని వంటసాలలో భీముడు వలలుడై పెట్టిన రుచులనే లోకము తలచుకొనును గాని, అచ్చటి పొయ్యి యెత్తెంత యని అడిగినవారు లేరు. నేటి యంగళ్లలోను అడుగువారు తక్కువయే.

మన పాత వంటయిల్లు కూర్చుండి పనిచేయువారి వంటయిల్లు. పొయ్యి నేలమీద నుండెను. కత్తిపీట, సన్నికల్లు, పోపులపెట్టె, ఉప్పు చింతపండు కుండలు ఇవి యన్నియు కూర్చున్నచోటి నుండి చేయి చాచిన నందునట్లుండెను. గ్యాసు వచ్చిన పిమ్మట పొయ్యి గట్టెక్కెను. దానితోడ మనమును నిలుచుంటిమి. నిలుచుట వలన పొగయు వంగుటయు తగ్గినవి. మరల నేలపొయ్యికి పోవలెనని మేము చెప్పుట లేదు. కాని నిలుచుటకు తగిన కొలతలను మనము వెదకుకొనలేదు. మేస్త్రీ కట్టిన యెత్తే మనకు కొలత యయ్యెను.

స్థలము సంగతి చూడుడు. మన జాతీయ భవననిర్మాణ నియమావళి ప్రకారము, భోజనమునకు వేఱు స్థలమున్నచో వంటగదికి 5 చదరపు మీటర్లు, 1.8 మీటర్ల వెడల్పు ఉన్న చాలును. ఫ్రాంక్‌ఫర్టు శ్రామికుని వంటగది పై లెక్కను సుమారు ఆఱున్నర చదరపు మీటర్లు. అనగా నూఱేండ్ల నాటి బీదల వంటగదికంటె నేటి మన కనిష్ఠనియమము చిన్నది. అందులో వారు ఉడుకబెట్టిన బంగాళాదుంపలు వండుకొనిరి. మనము 25 కిలోల బియ్యపు బస్తాయు, ఆవకాయ జాడీలును, ఇడ్లీపాత్రయు, గ్రైండరును పెట్టుకొనవలెను. మా గది 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు. ఇది మా అదృష్టమనియే యెంచుచున్నాము.

శంషాబాదు నుండి నగరమునకు పోవు త్రోవలో ఆరాంఘరు మొదలు మెహదీపట్నము వరకు పి.వి. నరసింహారావుగారి పేర 2009లో తెఱచిన పైవంతెన కలదు. పదునొకండు కిలోమీటర్లకు పైబడిన యా వంతెన క్రింది యంగళ్లకు చిరునామా స్తంభముల సంఖ్యయే. ఫలానా నంబరు పిల్లరు ఎదుట నన్నచో ఆటోవాడు తిన్నగా తీసికొనిపోవును. చెక్కపలకలు, బందులు, సింకులు, చిమ్నీలు విక్రయించువారు ఆ దారిలో కొందఱు కలరు. మేము మొదట అచ్చటికే పోయితిమి. పిమ్మట బాహ్యవలయ రహదారి పట్టి హైటెక్ సిటీలోని స్వీడను దేశపు ఐకియా వారి యంగడికిని పోయి చూచితిమి. మన దేశమున వారి తొలి యంగడి యది. 2018 ఆగస్టు 9వ తేదీన తెఱచిరి. తెఱచుటకు ముందు వారి యుద్యోగులు మన దేశమున సుమారు వెయ్యి యిండ్లకు పోయి జనుల యలవాట్లను చూచిరనియు, మన స్త్రీల యెత్తును బట్టి కొన్ని గట్లను అల్మారాలను తగ్గించి అమర్చి చూపిరనియు నాటి పత్రికలు వ్రాసినవి. పరదేశపు వర్తకునకు తోచిన యీ చిన్న విషయము పిల్లరుల యొద్ద మేము చూచిన యంగళ్లలో నొక్కనికిని తోచకుండుట మాకు వింతగా నున్నది.

ప్రతి యంగడిలోను మొదటి ప్రశ్న యొకటే: "ఏ రంగు, మేడమ్?" మేము తిరిగి అడిగినది: "పెట్టె దేనితో చేయుదురు?" ఇచ్చట వారి ముఖము మాఱును. తలుపు మీది మెఱుపు చూచి బేరము కుదుర్చుకొనువారే వారికి మేలు. కాని నీరు తాకునది తలుపు కాదు, లోపలి పెట్టె. సింకు క్రింది పెట్టెలో గొట్టము కాఱును, చెమ్మ నిలుచును, బోరునీటి తెల్లని చాఱలు కట్టును. మనము నేల కడుగుదుము, స్వీడను వారివలె తుడిచి ఊరకుండము. కాబట్టి పెట్టె చెక్క యేదో తెలియక ఒక్క రూపాయియు ఈయరాదు.

పలకలు స్థూలముగా నాలుగు విధములు. ఱంపపుపొట్టును చెక్కముక్కలను జిగురుతో నొక్కి చేసినది పార్టికల్ బోర్డు. చెక్కను నారవలె చేసి గట్టిగా నొక్కినవి ఎమ్.డి.ఎఫ్., దానికంటె దిట్టమైన హెచ్.డి.హెచ్.ఎమ్.ఆర్. అను పలకలు. పలుచని చెక్కపొరలను ఒకదానిపై నొకటి అడ్డముగను నిలువుగను అంటించినది ప్లైవుడ్. ఈ ప్లైవుడ్డులోను భేదములు కలవు. భారత ప్రమాణముల సంస్థ వారి ఐ.ఎస్. 710 ముద్రగలది నీటికి మిక్కిలి ఓర్చునది. దాని జిగురును పరీక్షించుటకు 72 గంటలు మఱగునీట నుంచుదురు. ఐ.ఎస్. 303 ముద్రగలవానిలో తక్కువ రకము చెమ్మకు కొంత యోర్చును గాని నీటికి కాదు. పలకపై ఈ సంఖ్య ముద్రింపబడి యుండును. అంగడివాని నోటిమాటకంటె దానిని చూచుట మేలు. పెట్టెలు బిగించిన తరువాత చూతమన్నచో ముద్ర కానరాదు. పైన కాగితము వంటి పూత వేసి మూసివేయుదురు.

మేము నాలుగు అంగళ్లలో కోసివేసిన తునకలను అడిగి తెచ్చితిమి. మావారు పాఠశాల ప్రయోగశాలలోని వెర్నియరు కొలబద్ద నొక దినమునకు తెచ్చి, తునకల మందమును వ్రాసికొని, వానిని బకెట్టు నీటిలో వేసిరి. అన్నియు 18 మిల్లీమీటర్ల పలకలే. మఱునాడు చూడగా పార్టికల్ బోర్డు తునక అంచున ఇరువదిరెండుకు వచ్చి, పెరుగులో నానిన గారెవలె గోటికి మెత్తగా తగిలెను. తక్కువ రకపు ప్లైవుడ్డు మూలన పొరలు విడివడుచుండెను. దిట్టపు నారపలక కొంచెము ఉబ్బెను. 710 ముద్రగలది కంటికి తెలియునంత మాఱలేదు. మా అత్తగారు ఆ బకెట్టును చూచి, "దీనికింత తతంగమెందుకు బిడ్డా, గిచ్చి చూస్తే తెల్వదా?" అనిరి. గిచ్చి చూచినను తెలిసెడిదే. కాని అంక్యలున్నచో బేరమున బలము.

ఇంత మాత్రమున పార్టికల్ బోర్డు పనికిరానిదని మా యభిప్రాయము కాదు. అంచులకు పట్టీని బాగుగ అంటించి, నీటికి దూరముగా గోడమీది అల్మారాలకు వాడినచో అది చాలకాలము నిలుచును; వెలయు తక్కువ. రాత్రియంతయు నీట నానవేయుట యే వంటయింటను జరుగునది కాదు గదా. మేము క్రిందిపెట్టెల కన్నింటికి 710 ప్లైవుడ్డును, పైయల్మారాలకు నారపలకను నిశ్చయించుకొంటిమి. అంతట ఒకే దిట్టపు పలక వేయింపుడని యంగడివారు చెప్పిరి. వెల చదరపుటడుగున కింత యని కట్టునపుడు వారట్లే చెప్పుదురు.

బందులును సొరుగుల పట్టాలును గూర్చి నాలుగు మాటలు. హెట్టిక్, హెఫెలే జర్మనీ దేశపువి, బ్లుమ్ ఆస్ట్రియాది, ఎబ్కో మన ముంబయిది. ఆ బ్లుమ్ అనువారు 1952లో గుఱ్ఱపు లాడములకు కొట్టు మేకులతో వ్యాపారము మొదలుపెట్టిరట! సొరుగును తోసిన చప్పుడు కాక మెల్లగా మూసికొనుట వీని గొప్పతనము. మాకు చప్పుడు పెద్ద బాధ కాదు, దినమునకు ఇంటిమీదుగా ఎన్నియో విమానములు పోవుచుండును. మేము చూచినది బరువు. పప్పుల డబ్బాలతో నిండిన సొరుగు పూర్తిగా వెలుపలికి వచ్చి వంగకుండవలెను. అంగడిలో ఖాళీ సొరుగును లాగి చూచి లాభము లేదు. చేతి సంచిని, నీటిసీసాలను అందులో వేసి లాగి చూడవలెను. తీగబుట్టలు కొనదలచినవారు 304 రకపు ఉక్కుదో కాదో అడుగవలెను. కానిచో మన బోరునీటికి ఏడాదిలో తుప్పు మచ్చలు కనబడును.

ఇక ఎత్తు. అంగడివారి పటములో గట్టు నేలనుండి 36 అంగుళములు. ఎందుకని అడుగగా, "అందఱికిని అంతే, మేడమ్" అనిరి. అందఱు అనగా నెవ్వరు? మా యెత్తు 5 అడుగుల 1 అంగుళము. మా అత్తగారు 4 అడుగుల 10. నిటారుగ నిలిచి మోచేతిని వంచి నేలనుండి కొలిచినచో మాకు 38 అంగుళములు, ఆమెకు ముప్పదియాఱు దాటినది. కూర తఱుగుటకు గట్టు మోచేతికి నాలుగు నుండి ఆఱంగుళములు క్రిందుగ నుండవలెను. అట్లుకానిచో భుజము లెత్తి పని చేయవలసి, సాయంకాలమునకు మెడ పట్టును. పొయ్యి యొద్ద ఇంకొక చిక్కు. గట్టుమీద పొయ్యి, పొయ్యిమీద గిన్నె. కలుపవలసిన పప్పు గట్టుకంటె ఎనిమిది, పది యంగుళములు పైన నుండును. పులిహోరకు అన్నము కలుపునపుడును, పెద్ద బాణలిలో అప్పచ్చులు వేయునపుడును చేయి చెవిదాక లేచును. కాగిన నూనె ముఖమునకు దగ్గరగును. అందుచేత పొయ్యి గట్టు తఱుగు గట్టుకంటె తక్కువగ నుండుట న్యాయము. మేము తఱుగుటకు 33, పొయ్యికి 30 అంగుళములు కోరితిమి. ఇద్దఱు అంగడివారు తమ పెట్టెలు ఒకే యెత్తున వచ్చుననియు, గట్టులో మెట్టు వచ్చినచో అందము చెడుననియు చెప్పి మానుకొనిరి. మూడవవాడు చేయుదుననెను. ఆ మెట్టువలన పొంగిన పాలు తఱుగు గట్టుమీదికి పాఱకుండుట మేము కోరని లాభము.

మా యింటి యసలు సమస్య ఎత్తు కాదు, కూర్చుండుట. మా అత్తగారికి అఱువదియెనిమిదేండ్లు. మోకాళ్లు పట్టుటచే పావుగంటకు మించి నిలువలేరు. అయినను ప్రతి దినము కూర తఱిగి, కొబ్బరి కోరి, చింతపండు పిసికి ఇచ్చుచున్నది ఆమెయే. తమ చిన్న పీటపై కత్తిపీటతో పొయ్యికి నాలుగడుగుల దూరమున కూర్చుండి, మా వంటను వాసనతో పరీక్షించుచు, ఉప్పు సంగతి చెప్పుచుందురు. అంగడివారి పటములో మూడు గోడలవెంబడి పెట్టెలు నిండియుండెను. నడుమ మిగిలినది నడచుటకు మూడున్నర యడుగులు. అందులో పీట వేసినచో మాకు నడచుటకు తావు లేదు. "అమ్మ గారెక్కడ కూర్చుందురు?" అని మేమడుగగా పటము గీసిన యువకుడు నవ్వి, "హాలులో టీవీ యొద్ద, మేడమ్. ఇంక వారికి పనేమిటికి?" అనెను. ప్రేమతోనే అన్నాడు. మా అత్తగారు ప్రక్కనే యుండి, ఏమియు అనలేదు.

ఆ రాత్రి ఆమె మావారితో, "నా కోసమని ఇంత పైసా పెట్టి చేసేదాన్ని చెడగొట్టకు కొడుకా. నేను హాల్ల కూసుంట" అనిరి. మావారును మొదట దానికి మెత్తబడిరి. ఒక ప్రక్క పెట్టెలు తగ్గించినచో సామాను లెక్కడ నుంచుట, రేపు ఇల్లు అమ్మవలసి వచ్చినచో కొనువా డేమనును అని వారి సందేహము. ఇవి యనుచితమైన సందేహములు కావు. కాని మాకు ఫ్రాంక్‌ఫర్టు పీట జ్ఞాపకము వచ్చినది. ఏ నమూనాను చూపి నేడు లోకమంతట ఈ పెట్టెలను అమ్ముచున్నారో, ఆ మూలపు వంటయింట కూర్చుండి పనిచేయుటకు చోటున్నది. కిటికీ వెలుతురున బల్లయు, దానిముందు పీటయు ఆమె పెట్టెను. పెట్టెలు దేశదేశములకు పోయినవి. పీట మాత్రము దారిలో ఎక్కడనో జాఱిపోయినది. వృద్ధులను గౌరవించుటయు, పనినుండి తొలగించుటయు ఒకటియే యని తలచువారు ఈ కాలమున ఎక్కువగుచున్నారు. పని తీసివేయబడిన ముదుసలి యింటిలో చుట్టమగును.

మేము మావారితో వాదింపలేదు. ఒక కాగితముపై మా యింటి గిన్నెల నన్నింటిని వాని యెత్తు వెడల్పులతో వ్రాసితిమి. పది లీటర్ల కుక్కరు, ఇడ్లీపాత్ర, గ్రైండరు, జాడీలు, బియ్యపు డబ్బా. ఏది దినము కావలెను, ఏది పండుగకు కావలెను అని రెండు భాగములు చేసితిమి. పండుగ సామాను అటకకు పోవును. మూలపెట్టెలో గిఱగిఱ తిరుగు బుట్ట కై ఇరువది వేలు వేసియుండిరి. అది చూచుటకు వింత గాని, అందులో పట్టునది తక్కువ. దానిని తీసివేసితిమి. అట్లు లెక్క చూడగా కిటికీ క్రింది గోడను మూడడుగులు ఖాళీగా విడిచినను అన్నియు ఇమిడినవి. లెక్క చూచి మావారు ఒప్పుకొనిరి. ఉపాధ్యాయులకు అంకెలు చూపవలెను.

ఆ మూడడుగులలో 17 అంగుళముల యెత్తున ఱాతి యరుగు వేయించితిమి. లేచునపుడు పట్టుకొనుటకు గోడకు ఉక్కుపిడి యొకటి. ఎదుట మోకాళ్ల యెత్తున లాగుకొను పలక. దానిపై కత్తిపీట నిలుచును. కుడిచేతి ప్రక్క పెట్టెలో పోపులపెట్టెయు, ఉప్పును, చింతపండును. అంగడివాడు దీనినంతయు గీసి, "ఇట్లెవరును అడుగలేదు" అనెను. గీసిన తరువాత మాత్రము ఫోటో తీసికొనెను.

ఱాతిని గూర్చి మన ప్రాంతమున చింతలేదు. గట్టుకు మేము చీమకుర్తి నల్లఱాయి వేయించితిమి. ప్రకాశము జిల్లాలో దొరకు నీ ఱాతిలో బంగారు చుక్కలు మెఱయుచుండును. బ్లాక్ గెలాక్సీ యని దేశదేశములకు పోవుచున్నది. అరుగునకు తాండూరు ఱాయి. తాండూరు ఱాయి సున్నపుజాతిది, చల్లగా నుండును, వెల తక్కువ. కాని చింతపండురసము, నిమ్మరసము పడినచో తినివేయును. కాబట్టి గట్టుపై దానిని వేయరాదు. తెల్లని క్వార్ట్జు పలకలు అంగళ్లలో కన్నులకు ఇంపుగ నుండును. పసుపు మన వంటలో నున్నంత కాలము మేము వానిని కొనము. సింకుకై, పొయ్యికై గట్టులో కోసిన ముక్కలు మన సొమ్మే, పనివారు తీసికొనిపోవుదురు. అడిగి యుంచుకొన్నచో చపాతీల బల్లగా పనికివచ్చును.

గ్యాసు బండను పెట్టెలో దాచువారు ఒక సంగతి మఱువరాదు. వంటగ్యాసు గాలికంటె బరువు. కాఱినచో క్రిందికి దిగి నిలుచును. కావున 14.2 కిలోల బండ నుంచు పెట్టె తలుపునకు క్రిందిభాగమున గాలికంతలు తప్పక యుండవలెను; బండ నిలువుగ నుండవలెను; గొట్టముపై ముద్రించిన గడువు కంటికి కనబడునట్లుండవలెను. అందము చెడునని కంతలు లేని తలుపును మాకు చూపిరి. చిమ్నీ సంగతి యంతకంటె సులభము: పోపు పొగ వెలుపలికి పోవు గొట్టమున్నదానిని కొనుడు, గొట్టము వీలైనంత తిన్నగ పోవలెను.

డబ్బు విషయము. మొదటి యంగడివారు 3 లక్షల 40 వేలు అడిగిరి. మా పని 2 లక్షల 35 వేలకు ముగిసినది. ఒకచోట సరకు ఇంటికి రాకముందే నూటికి తొంబది చెల్లింపుమనిరి. వారు పదేండ్ల హామీ యని పెద్ద యక్షరములతో వ్రాసిన కాగితము వెనుకవైపున, నీటివలన కలుగు నష్టము ఇందు చేరదని చిన్న యక్షరములు. వంటయింట నీటివలన గాక మఱి దేనివలన నష్టము కలుగును? మేము కుదుర్చుకొన్నవానితో సగము ముందుగను, నాలుగవవంతు పెట్టెలు ఇంటికి వచ్చి పలకల ముద్ర చూచిన తరువాతను, మిగిలినది బిగించి నెలదినములు వాడిన తరువాతను ఇచ్చునట్లు కాగితము వ్రాయించితిమి. పలక యే రకమో, బందులు ఏ కంపెనీవో, పన్ను వెలలో చేరినదో లేదో అన్నియు అందే వ్రాయించితిమి.

బిగించుటకు నాలుగు దినములు పట్టినది. నెల గడచినది. సింకు క్రింది తలుపు కొంచెము ఒరసుకొనుచున్నది. అతడు వచ్చి సరిచేసినగాని చివరి సొమ్ము ఈయము. అత్తగారు అరుగుమీద కూర్చుండి చిక్కుడుకాయలు తఱుగుచు, కత్తిపీట తగిలించుటకు మనుమలకు అందని యెత్తున కొక్కెమొకటి కావలెననుచున్నారు. అతడు వచ్చినపుడు అదియు వేయింతుము.